బండి ఒరిగితే షాకులు మార్చాలా? పాత కార్ల సస్పెన్షన్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పాత కార్లు బాగుచేసే షెడ్డు నాది. వచ్చేవి ఎక్కువగా పద్మినీలు, అంబాసిడర్లు. రంగు అద్దంలా మెరుస్తుంటుంది, బంపర్లు తళతళలాడుతుంటాయి. బండి మాత్రం ఓ పక్కకు వాలి నిలబడుతుంది. ఓనరు దిగుతూనే అనే మాట కూడా దాదాపు ఒకటే.

అపోహ: "బండి కుంగింది, షాకులు పోయినట్టున్నాయి."

షాక్ అబ్జార్బర్ బండి బరువు మోయదు. మోసేది స్ప్రింగు. పద్మినికి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు. అంబాసిడర్‌కు వెనక కమాన్లే, ముందు మాత్రం టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ బరువు మోసే ఉక్కు కడ్డీలు. స్ప్రింగు ఊగులాటను అణచడమే షాకు పని. అనుమానముంటే మామూలు ఆయిల్ షాకు విప్పి చేత్తో నొక్కండి. మెల్లగా లోపలికి పోతుంది, వదిలితే అక్కడే ఉండిపోతుంది. చేతి బలానికే లొంగేది టన్నుకు దగ్గరగా ఉండే బండిని ఎలా మోస్తుంది? గ్యాస్ షాకులు కాస్త పైకి తోస్తాయి గానీ, కుంగిన స్ప్రింగుకు అది ఏ మూలకూ చాలదు. షాకు పోయిన బండి కుంగదు, గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది.

అపోహ: "కొత్త స్ప్రింగులు వేసినా ఒరిగిందంటే అవి నాసిరకం."

చంద్రగిరి నుంచి ఒకాయన పద్మిని తెచ్చాడు. "అన్నా, రెండుసార్లు కమాన్లు మార్పించినా. ఇంకా ఎడంపక్కకే వాలి ఉండాది" అన్నాడు. నేల నుంచి కొలిస్తే టైరు గాలి కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి, వెనక చక్రం నడిమధ్య నుంచి ఫెండరు అంచుకు టేపు పెట్టాను. ఎడమవైపు 2 సెంటీమీటర్లు తక్కువ. కిందికి దూరి ఇరుసు నుంచి బంప్ రబ్బరుకు, అంటే ఇరుసు బాడీకి తగలకుండా పైన ఉండే రబ్బరు దిమ్మకు, కొలిస్తే రెండువైపులా సమానం! బండి ఒరగనే లేదు. టింకరింగ్‌లో తుప్పు పట్టిన అంచు కోసి కొత్త రేకు అతికినవాళ్లు దాన్ని కిందికి దించేశారు. రెండు జతల కమాన్ల డబ్బు గోవిందా.

నిజంగానే ఒరిగితే, జాకీని ముందు క్రాస్ మెంబర్‌కు (బండి కింద అడ్డంగా ఉండే దూలానికి) సరిగ్గా మధ్యలో పెట్టి ముందు చక్రాలు నేల వదిలేదాకా లేపండి. కింద ఎవరూ దూరకూడదు. వెనక భాగం సమంగా నిలిస్తే తేడా ముందు స్ప్రింగుల్లో ఉంది. అప్పటికీ వాలే ఉంటే వెనక కమాన్లు చూడాలి.

అపోహ: "జాకీ మీద ఉన్నప్పుడే బోల్టులన్నీ ఫుల్ టైట్ చేసేయాలి."

రీస్టోర్ చేసిన బండ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. మొదట్లో నేనూ చేశాను. కమాన్ కంట్లో, అంటే దాని చివర గుండ్రంగా చుట్టిన రంధ్రంలో, ఉండే రబ్బరు బుష్‌ను చూడండి. లోపల ఒక ఇనుప గొట్టం, చుట్టూ రబ్బరు. బోల్టు బిగిస్తే ఆ గొట్టం బ్రాకెట్‌కు పట్టేస్తుంది. ఆ తర్వాత కమాన్ కదిలినప్పుడల్లా రబ్బరు జారదు, మెలిపడుతుంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించారనుకోండి, బండి నేలకు దిగేసరికే రబ్బరు మెలిపడి ఉంటుంది. అది ఇంకో స్ప్రింగులా బండిని పైకి తోస్తుంది. అందుకే డెలివరీ రోజు బండి ఎత్తుగా నిలబడుతుంది. కొన్ని నెలలకు రబ్బరు చిరుగుతుంది, ఎత్తు పడిపోతుంది, కిర్రుమనే చప్పుడు మొదలవుతుంది. ఓనరు మళ్లీ స్ప్రింగునే తిడతాడు.

నేను బోల్టులు వదులుగా పెట్టి బండిని దించేస్తాను. సీట్లు, బ్యాటరీ, స్టెప్నీ, ట్యాంకులో పెట్రోలు అన్నీ ఉండాలి. దించగానే టైర్లు నేలను పట్టుకుని ఉంటాయి, బండి పూర్తిగా కుదురుకోదు, అప్పటి కొలత నమ్మకూడదు. బండిని రెండు మీటర్లు ముందుకూ వెనక్కూ తోసి, నాలుగు మూలలా నొక్కి వదిలి, అప్పుడు గోతిలోకి దిగి బిగిస్తాను. అరగంట ఎక్కువ పడుతుంది, అంతే.

అపోహ: "కమాన్‌లో ఇంకో పట్టీ వేస్తే లేస్తుంది."

లేస్తుంది. ఇది లారీ లెక్క. టన్నుల కొద్దీ సరుకు మోసే బండికి సరే. మనుషులు కూర్చునే కారుకు వేస్తే వెనక చక్రాలు గతుకుల్లో గెంతుతాయి. పట్టీలు విప్పించి సరైన వేడిమీద మళ్లీ వంపు పెట్టించుకోవడం మేలు. వేడి చేయకుండా సుత్తితో కొట్టి తెచ్చిన వంపు ఎక్కువ రోజులు నిలవదు.

కాయిల్‌ను గ్యాస్‌తో కోసి ఎత్తు తగ్గించే విద్య గురించి ఒక్కటే చెబుతాను: వేడికి ఆ చోట టెంపర్, అంటే ఉక్కుకు స్ప్రింగు గుణమిచ్చే పదును, పోతుంది. అలా కోసిన బండికి నేను చెయ్యి పెట్టను.

అపోహ: "అంబాసిడర్ ముక్కు కిందికి దిగితే టార్షన్ బార్లు కొత్తవి కొనాల్సిందే."

చాలాసార్లు అక్కర్లేదు. బారు వెనక చివర ఉండే లివర్‌ను సర్ది ఎత్తు తేవచ్చు. బారు మీది బరువంతా దించాకే విప్పాలి. కుడి బారు కుడికే, ఎడమది ఎడమకే. వాడిన బారు ఒక దిక్కుకే మెలిపడటానికి అలవాటుపడి ఉంటుంది. గుర్తు కోసం ఉలితో గాటు పెట్టొద్దు, పెయింటు చుక్క చాలు. ఆ గాటు దగ్గరే పగులు మొదలై బారు విరుగుతుంది.

ఎత్తు మారిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ ఎత్తు చూసుకోండి. నేనైతే భాకరాపేట ఘాట్ ఒకసారి ఎక్కించి దించి, మళ్లీ టేపు పెడతాను. కొత్త స్ప్రింగు కొంచెం దిగుతుంది, అది తప్పు కాదు.

చంద్రగిరి పద్మిని ఫెండరు ఇంకా అలాగే ఉంది. కొత్త రంగు చెడగొట్టుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. ఎవరైనా "బండి ఒరిగింది కదా" అంటే కింద దూరి కొలుచుకోమని టేపు చేతికిస్తున్నాడట.