క్లైవ్‌ల ఐరిష్ బిరుదు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

1757లో ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్‌కు మూడవ జార్జి రాజు 1762లో ‘ప్లాసీ బ్యారన్ క్లైవ్’ అనే వంశపారంపర్య బిరుదునిచ్చాడు. అయితే అది ఐర్లండు బిరుదు. బెంగాలులో గెలిచినవాడికి ఐర్లండు బిరుదేమిటని మీకు సందేహం రావాలి.

అప్పట్లో రాజు ఒక్కడే అయినా ఐర్లండు వేరే రాజ్యం, దాని పార్లమెంటు డబ్లిన్‌లో ఉండేది. ఐరిష్ బిరుదు పొందినవాడికి లండన్‌లోని ప్రభువుల సభలో చోటు దక్కదు కనుక, మనిషిని మెప్పించాలి గాని ఆ సభలో కూర్చోబెట్టకూడదు అనుకున్నప్పుడల్లా మంత్రులు ఈ దారి పట్టేవారు. అంతకన్నా పెద్ద గౌరవం ఆశించిన క్లైవ్‌కు ఇది రుచించలేదు. అయినా ఐర్లండులోని క్లేర్ కౌంటీలో భూమి కొని, దానికి ప్లాసీ అని పేరు పెట్టుకున్నాడు. కామన్స్ సభలో కూర్చోవడానికి ఈ బిరుదు అడ్డు కాదు గనుక, చనిపోయేవరకు ష్రూస్‌బరీ సభ్యుడిగానే కొనసాగాడు.

1774లో బిరుదు కొడుకు ఎడ్వర్డ్‌కు వచ్చింది. మనకు ఎక్కువగా సంబంధించినవాడు ఇతడే. ఉత్తర సర్కారులకు మొగలు చక్రవర్తి నుంచి 1765లో ఫర్మానా సంపాదించింది తండ్రి అయితే, 1798 నుంచి 1803 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్నది ఈ రెండవ లార్డ్ క్లైవ్. నైజాము 1800లో దత్త మండలాలను కంపెనీకి అప్పగించడం, మరుసటి ఏడు ఆర్కాటు నవాబు రాజ్యంతో పాటు నెల్లూరు సీమ కంపెనీ చేతికి పోవడం, 1802లో సర్కారు జిల్లాల జమీందారులకు శాశ్వత శిస్తు ఏర్పాటు మొదలుకావడం, అన్నీ ఇతడి హయాంలోనివే. వీటి వెనుక అసలు పట్టుదల గవర్నర్ జనరల్ వెల్లస్లీది. టిప్పు సుల్తాన్ పతనం తరువాత అతడికీ ఐరిష్ బిరుదే దక్కింది. మండిపడి, దాన్ని బంగారు పూత పూసిన బంగాళదుంప అన్నాడు!

ఎడ్వర్డ్‌కు 1794లోనే ప్రభువుల సభలో చోటిచ్చే మరో బ్యారన్ పదవి, 1804లో పోవిస్ ఎర్ల్ పదవి లభించాయి. అప్పటి నుంచి తండ్రి ఐరిష్ బిరుదు పోవిస్ ఎర్ల్‌ల చిన్న బిరుదుల్లో ఒకటిగా సాగుతోంది. 1801లో ఐర్లండు బ్రిటన్‌తో ఏకమయ్యాక ఐరిష్ ప్రభువులు తమలో 28 మందిని ఎన్నుకుని లండన్ సభకు పంపేవారు. 1922లో ఐర్లండు విడిపోయాక ఆ ఎన్నికలు ఆగిపోయాయి. కొత్తగా ఇచ్చిన ఐరిష్ బిరుదుల్లో చివరిది 1898లో, వైస్రాయిగా మన దేశానికి రాబోతున్న కర్జన్‌ది. తిరిగి వెళ్లాక కామన్స్ సభలో చేరే వీలుండాలని అతడు దాన్నే ఒప్పుకున్నాడు.

మీ తాతయ్య