.22 బుల్‌పప్ రైఫిల్: అడిగేవారు ఎక్కువ, అపోహలు ఇంకా ఎక్కువ

కాలిఫోర్నియాలో ఒక షూటింగ్ రేంజ్‌లో శిక్షకుడిగా పనిచేస్తున్నాను. టావోర్, స్టెయర్ ఆగ్ వంటి 5.56 మి.మీ. తూటా వాడే బుల్‌పప్ రైఫిళ్లను చూసి "ఇదే .22లో (అంటే చిన్న, చవకైన .22 తూటాతో) దొరుకుతుందా?" అని అడిగేవారికి కొదవ లేదు. బుల్‌పప్ అంటే చాంబర్ (తూటా పేలే గది), మ్యాగజైన్ (తూటాల పెట్టె) ట్రిగ్గర్‌కు వెనుక, భుజం దగ్గర ఉండే రైఫిల్. బారెల్ కురచ కాకుండానే తుపాకీ పొట్టిదవుతుంది. టావోర్ ఎస్ఏఆర్‌లో 16.5 అంగుళాల బారెల్ ఉన్నా మొత్తం పొడవు 26 అంగుళాల పైచిలుకే.

అపోహ: .22 బుల్‌పప్‌ను ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు.

వాస్తవం: వాల్తర్ కంపెనీ జీ22 అనే .22 బుల్‌పప్ వచ్చింది, కొన్నేళ్లు అమ్ముడై ఆగిపోయింది. కాల్చాక ఖాళీ తూటా తొడుగులు కుడివైపుకో ఎడమవైపుకో పడేలా దాన్ని మార్చుకోవచ్చు. ఎడమచేతి వాటం వారు దాన్ని ఇప్పటికీ వెతుక్కోవడానికి కారణం అదే. 1964 నుంచి వస్తున్న రూగర్ 10/22 అనే మామూలు .22 రైఫిల్‌ను బుల్‌పప్‌గా మార్చే స్టాక్‌లూ దొరుకుతాయి.

అపోహ: పెద్ద బుల్‌పప్‌లో బోల్టు (తూటాను చాంబర్‌లోకి నెట్టి మూసే భాగం), మ్యాగజైన్ మారిస్తే చాలు, .22 అయిపోతుంది.

వాస్తవం: బుల్‌పప్ కాని 5.56 రైఫిల్ ఏఆర్-15 విషయంలో ఈ మాట చాలావరకు నిజం, దానికి సిద్ధంగా కిట్లు ఉన్నాయి. అక్కడ కూడా ఒక చిక్కుంది. .22 సీసపు బుల్లెట్‌కు 16 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గాడులున్న బారెల్ సరిపోతుంది, 5.56 బారెళ్లు 7 నుంచి 9 అంగుళాలకే ఒక చుట్టు తిప్పేస్తాయి. గురి కొంత చెదురుతుంది. పైగా .22 తూటాకు అడుగున అంచు ఉంటుంది, ఆ అంచులు మ్యాగజైన్‌లో ఒకదానికొకటి పట్టుకుంటే తూటా పైకి రాదు. అందుకే దీనికి మ్యాగజైన్‌ను వేరుగా రూపొందించాలి. కంపెనీలు వెనకాడటం నాకు ఆశ్చర్యం కలిగించదు.

అపోహ: చవకైన తూటాలతో సాధన చేస్తే పెద్ద బుల్‌పప్ మీద పట్టు వస్తుంది.

సగమే నిజం. .22 తూటా ధర 5.56తో పోలిస్తే చాలా తక్కువ, అందులో వాదన లేదు. తుపాకీని భుజానికి ఆనించడం, చంక దగ్గరున్న మ్యాగజైన్‌ను చూడకుండా మార్చడం, వేలిని ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచడం, ఇవన్నీ అలవడతాయి. కానీ 5.56 తూటా శక్తిలో .22ది సుమారు పదో వంతు. భుజానికి అంత తన్ను తగలదు, అంత పేలుడు వత్తిడీ ఉండదు. అసలు లోటు ట్రిగ్గర్‌లో ఉంది. బుల్‌పప్‌లో వేలు నొక్కినది వెనుకనున్న యంత్రాంగానికి చేరాలంటే మధ్యలో పొడవాటి కడ్డీ కదలాలి. అందుకే చాలా వాటి లాగుడు బరువుగా, జీడిపాకంలా సాగుతుంది. ఈ తీరు ఒక్కో మోడల్‌లో ఒక్కోలా ఉంటుంది. 10/22కు తొడిగిన స్టాక్‌తో నేర్చుకున్న వేలు టావోర్ మీద మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

అపోహ: పొట్టి తుపాకీలో పొడవాటి బారెల్ ఉండటం .22కూ లాభమే.

వాస్తవం: .22లో తుపాకీ మందు సుమారు 16 అంగుళాల లోపే తన పని ముగిస్తుంది. ఆపై బారెల్ పెరిగినా వేగం పెద్దగా పెరగదు. మామూలు 10/22 పొడవు 37 అంగుళాలు, బరువు రెండున్నర కిలోల లోపే. దాన్ని మోయలేక ఇబ్బంది పడినవారిని నేను చూడలేదు.

మరి ఇంత మంది ఎందుకు అడుగుతున్నారు? మా రాష్ట్రంలో చట్టం పెద్ద కారణం. 30 అంగుళాల కన్నా పొట్టిగా ఉన్న సెమీ ఆటోమేటిక్ సెంటర్‌ఫైర్ (5.56లా తూటా అడుగు మధ్యలో కొడితే పేలే) రైఫిల్‌ను ఇక్కడ అసాల్ట్ వెపన్‌గా, అంటే నిషిద్ధ ఆయుధంగా లెక్కిస్తారు. ఆ పొడవు నిబంధన .22 వంటి రిమ్‌ఫైర్‌కు (అంచు మీద కొడితే పేలే తూటాకు) వర్తించదు. అయితే స్టెయర్ ఆగ్ పేరు నిషేధ జాబితాలో నేరుగా ఉంది. ఇతర రాష్ట్రాల్లోనూ ఇదే చెల్లుతుందనుకోవద్దు.

మనవారికి ప్రత్యేకంగా ఒక మాట. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా ఇదే వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు.

అపోహ: .22యే కదా, ప్రమాదం తక్కువ.

వాస్తవం: ఆ చిన్న బుల్లెట్ కిలోమీటరు దాటి వెళ్లగలదు. బుల్‌పప్‌లో చాంబర్ చెంప పక్కనే ఉంటుంది, కళ్లద్దాలు లేకుండా కాల్చవద్దు. రిమ్‌ఫైర్ తూటాలు అప్పుడప్పుడు పేలకుండా ఉండిపోతాయి. అలా జరిగితే తుపాకీ మొనను లక్ష్యం వైపే ఉంచి, ముప్పై సెకన్లు ఆగి, ఆ తర్వాతే బోల్టు తెరవండి.