పాట ఎక్కడ చెడిపోతోంది?

ఇంట్లో మ్యూజిక్ సిస్టమ్ వాల్యూమ్ కాస్త పెంచగానే పాట గరగరమంటే చాలామంది ముందుగా వైర్లనే అనుమానించి ఖరీదైన కేబుల్ కొనేస్తారు. ఆ ఖర్చు చూస్తే నాకు బాధేస్తుంది. మామూలు రాగి వైరైనా తగినంత మందంగా ఉండి, కనెక్షన్లు గట్టిగా బిగిస్తే, ఇంట్లో ఉండే దూరాలకు పాటను చెడగొట్టదు.

చూడాల్సింది యాంప్లిఫయర్ సత్తా. మామూలుగా వినేటప్పుడు స్పీకర్‌కి అందేది చాలాసార్లు ఒక వాట్ లోపే. కానీ సంగీతం ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు. మృదంగం మీద పడిన ఒక దెబ్బ సగటు కన్నా 20 డెసిబెల్స్ పైకి లేచిందంటే, ఆ క్షణానికి 100 రెట్ల పవర్ కావాలి. లోపలి పవర్ సప్లై ఇచ్చే వోల్టేజీని దాటి యాంప్లిఫయర్ ఏ సిగ్నల్‌నీ పైకి తీసుకెళ్లలేదు. దాంతో అలల కొసలు తెగి చదునైపోతాయి. ఇదే క్లిప్పింగ్. ఇలా కొసలు తెగిన 200 హెర్ట్జ్ (సెకనుకు 200 కంపనాల) స్వరంలోంచి 600, 1000, 1400 హెర్ట్జ్ దగ్గర పాటలో లేని కొత్త స్వరాలు పుడతాయి. మనకు వినిపించే గరగర వాటిదే.

కొసలు తెగనంతవరకు ఇప్పటి యాంప్లిఫయర్లు ఎంతో శుభ్రంగా పనిచేస్తాయి. ఆ ఘనత చాలావరకు బెల్ ల్యాబ్స్ ఇంజనీర్ హెరాల్డ్ బ్లాక్‌ది. దూరప్రాంతాల టెలిఫోన్ లైన్లలో మాట చెడిపోకుండా చూడటం ఆయన పని. 1927 ఆగస్టులో ఫెర్రీలో ఆఫీసుకు వెళ్తూ, చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మీదే తన ఆలోచనను గీసుకున్నాడు: బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత భాగాన్ని తిరగేసి మళ్లీ లోపలికి పంపితే, యాంప్లిఫయర్ చేసే తప్పు చాలావరకు దానంతటదే రద్దవుతుంది. మధ్యరకం యాంప్లిఫయర్‌లో కూడా డిస్టార్షన్, అంటే సిగ్నల్ రూపు చెడటం, 0.1 శాతం దాటకపోవడానికి ముఖ్యకారణం ఇదే.

స్పీకర్‌కి సాధారణంగా అలాంటి కాపలా ఉండదు. 100 హెర్ట్జ్ స్వరం ఎంత గట్టిగా వినిపిస్తోందో 50 హెర్ట్జ్ కూడా అంతే వినిపించాలంటే, కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కీ ఊగుతూ శబ్దం చేసే భాగం) నాలుగు రెట్ల దూరం కదలాలి. చిన్న స్పీకర్‌లో కోన్‌ని కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్, అయస్కాంతం పట్టులోంచి బయటికొచ్చేస్తుంది, అంచు రబ్బరు బిగుసుకుంటుంది. ఆ స్థితిలో డిస్టార్షన్ కొన్ని శాతాలకు చేరుతుంది. బేస్‌తో పాటు గాయకుడి గొంతూ అదే కోన్ మీద వస్తుంటే గొంతు కూడా వణుకుతుంది. కాబట్టి డబ్బు పెట్టాలంటే స్పీకర్ మీద పెట్టండి.

పాట ఆపినా బొయ్‌మనే శబ్దం వస్తుంటే అది 50 హెర్ట్జ్ కరెంటుది. సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ టీవీ వైరు తీసి చూడండి. శబ్దం ఆగితే రెండు ఎర్తుల మధ్య లూప్ పడిందన్నమాట. ఆ లూప్‌ని తెంచడానికి ఐసొలేటర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి, ప్రాణాల మీదకొస్తుంది.

ఇక గది. ఇంజనీర్లు దీన్ని డిస్టార్షన్ కింద లెక్కించరు గానీ, వినేవాళ్లకు ఇది పెద్ద నష్టమే. 12 అడుగుల పొడవున్న గదిలో సుమారు 47 హెర్ట్జ్ శబ్దం రెండు గోడల మధ్య నిలిచిపోతుంది: గోడల దగ్గర ఉబ్బుతుంది, సరిగ్గా మధ్యలో దాదాపు మాయమవుతుంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ (మనం కోరిన హెర్ట్జ్‌లో ఒకే స్వరం వినిపించేది) పెట్టి, సిస్టమ్‌కి కలిపి, ఆ స్వరం వినిపిస్తూ గదిలో అటూ ఇటూ నడిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. సోఫా గోడకి ఆనుకుని ఉంటే రెండడుగులు ముందుకు జరపండి. దానికి పైసా ఖర్చు లేదు.