బొర్రా గుహల్లో డైనోసార్ ఎముకలు లేవండీ

అరకు సీజన్ మొదలైతే చాలు, నా ఫోన్ నిండా ఫోటోలే. "సార్, బొర్రాలో దొరికింది, డైనోసార్ ఎముకేనా?" విశాఖలో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నా.

అపోహ: సున్నపురాయి గుహ అంటే రాతి నిండా శిలాజాలే.
వాస్తవం: బొర్రా రాయి డైనోసార్ల కంటే ఎంతో పాతది. పైగా భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ స్ఫటికాలుగా మారిపోయింది. మీరు విరిచి తెచ్చేది కారిన నీళ్లు వదిలిన కాల్సైట్ అనే సున్నపు ఖనిజం. విరిగిన చోట చూడండి, వలయాలు కనిపిస్తాయి. అది సెంటీమీటరు పెరగడానికి వందేళ్లు కూడా పట్టొచ్చు.

అపోహ: నిజంగా ఎముకో, రాతి పనిముట్టో కనిపిస్తే తవ్వి తెచ్చి నిపుణులకిస్తే మేలు చేసినట్టే.
వాస్తవం: కొంప ముంచేది ఇదే. గుహల్లో ఇలాంటివి దొరికేది తర్వాత వచ్చి చేరిన మట్టిలో. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఇలాంటి మట్టినే తవ్వించారు. ఖడ్గమృగం ఎముకలు కూడా బయటపడ్డాయి. రాయలసీమలో ఖడ్గమృగం! ఆ ఎముక ఎంత లోతులో, ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలిస్తేనే దాని కాలం గురించి ఏమైనా చెప్పగలం. పోస్ట్‌మార్టంకి ముందే శవాన్ని కడిగేస్తే డాక్టర్ మాత్రం ఏం చేస్తాడు?

బొర్రా ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లకు మధ్య పాతరాతియుగం, అంటే వేల ఏళ్ల కిందటి మనుషుల రాతి పనిముట్లు దొరికాయి. ఆ మాట విన్న ఒక పెద్దాయన అలాంటిదే ఒకటి సర్ఫ్‌తో కడిగి, వార్నిష్ కొట్టి మరీ తెచ్చారు. చక్కగా చెక్కిన రాయి. ఎక్కడిదండీ అంటే, "ఏదో గెడ్డ పక్కన, గుర్తులేదు" అన్నారు. ఇక నేనేం చెప్పను?

పిల్లాడు ముక్క తెచ్చేశాడు, కేసు అవుతుందా అని భయపడే తల్లులూ ఫోన్ చేస్తారు. టెన్షన్ పడకండమ్మా. దాచకుండా గుహల దగ్గర సిబ్బందికి అప్పగించేయండి. ఈసారి ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా పక్కన పెన్ను పెట్టి ఫోటో తీసి, ఆ చోటు గైడ్‌కి చూపించండి.

మిగతావి చకచకా. గుహ నుంచి కాశీకి సొరంగమా? లేదు. ఈ గుహను 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి కనిపెట్టాడా? ఆ సంస్థ పుట్టిందే 1851లో. పైకప్పు కన్నంలోంచి ఆవు పడిపోయిందని కథ చెప్పుకునే అక్కడి గిరిజనులకు ఆ గుహ గురించి ఒకరొచ్చి చెప్పాలా?