అనంతపురం ఇళ్లలోకి చాక్లెట్ టిఫిన్ వచ్చిన దారి

అనంతపురంలో కిరాణా కొట్ల ముందు షాంపూ సాచెట్ల పక్కనే, పాలలో వేసుకుని తినే చాక్లెట్ టిఫిన్ చాకోస్ చిన్న పాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి. బడి బస్సు వచ్చేస్తుందన్న టెన్షన్‌లో తల్లి పాకెట్ చించి గిన్నెలో వేసి పాలు పోస్తుంది. పాలు గోధుమరంగుకు తిరిగేలోపు పిల్లాడు సగం తినేస్తాడు. ఇది రోజూ పెట్టొచ్చా అన్న సందేహం చాలామంది తల్లిదండ్రులది. దీని వెనక నూరేళ్లకు పైబడిన కథ ఉంది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బ్యాటిల్ క్రీక్‌లో డాక్టర్ జాన్ హార్వే కెల్లాగ్ ఆరోగ్యాశ్రమం నడిపేవాడు. మాంసం, మసాలా వద్దని రోగులకు చప్పిడి తిండి పెట్టేవాడు. కార్న్‌ఫ్లేక్స్ ఆ పథ్యంలోంచే పుట్టాయి. తమ్ముడు విల్ కీత్ చక్కెర కలిపితేనే జనం తింటారన్నాడు, అన్న ససేమిరా అన్నాడు. 1906లో తమ్ముడు సొంతంగా కంపెనీ పెట్టాడు, అదే కెల్లాగ్స్. ఆ తర్వాత ఇంటిపేరు ఎవరిదన్న దానిపై అన్నదమ్ములు కోర్టుకెక్కారు. చివరికి గెలిచింది చక్కెరే.

ఆ తర్వాత చాక్లెట్ వంతు. 1956లో జనరల్ మిల్స్ అనే అమెరికా కంపెనీ కోకో పఫ్స్ తెచ్చింది, 1958లో కెల్లాగ్స్ కోకో క్రిస్పీస్ తెచ్చింది. బ్రిటన్‌లో దాని పేరు కోకో పాప్స్. మన ఉగ్గాణిలో వేసే బొరుగుల్లాంటివే, కోకో, చక్కెర పట్టించినవి. పాలు చాక్లెట్ పాలవుతాయన్నదే పిల్లలకు చూపిన ఆశ. 1998లో కంపెనీ ఆ పేరు మారిస్తే జనం ఊరుకోలేదు. ఓటింగ్ పెట్టి 1999లో పాత పేరే తెచ్చుకున్నారు. చిన్నప్పటి రుచి మనిషిని అంతగా పట్టుకుంటుంది. కంపెనీలు పిల్లల వెంట పడేది అందుకే.

కెల్లాగ్స్ 1994లో మన దేశానికి వచ్చింది. చల్లటి పాలతో తినమన్న కార్న్‌ఫ్లేక్స్ ఇక్కడ వేడి పాలలో మెత్తబడిపోయాయి, అమ్మకాలు సాగలేదు. 1996లో వచ్చిన చాకోస్ మాత్రం నిలబడింది. పిల్లలు దాన్ని పాలు లేకుండా కూడా పిడికిళ్లతో తినేస్తారు మరి.

మన సంగటిని తరిమింది చాకోసే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన ఎర్ర నేలల్లో కొర్ర, సజ్జ, జొన్న చేలు శెనక్కాయకు చోటిచ్చి ఎప్పుడో తగ్గాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక పేదింటి పొయ్యి మీదికీ వరి అన్నమే ఎక్కింది. అది ఆకలి తీర్చిన పథకం, దాన్ని తప్పుపట్టను. కానీ పొద్దున్నే సంగటి ముద్ద, ఊరుబిండి తినే అలవాటు చాలా ఇళ్లలో అప్పటికే సడలింది. పాకెట్ వచ్చి కూర్చున్నది ఆ ఖాళీలోనే.

బ్రిటన్‌లో చక్కెర మీద ఒత్తిడి పెరిగాక 2018లో కోకో పాప్స్‌లో వంద గ్రాములకు 30 గ్రాములున్న చక్కెరను 17కు తగ్గించారు. చక్కెర ఎక్కువున్న సరుకును దుకాణాల్లో కళ్లెదుట పెట్టకూడదన్న నిబంధన మీద కెల్లాగ్స్ కోర్టుకెళ్లింది. పాలు కలిపి లెక్కేయాలన్నది దాని వాదన. 2022లో ఓడిపోయింది. మన దగ్గర పాకెట్ ముందువైపు హెచ్చరిక ఎలా ఉండాలన్న దానిపై దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో ముసాయిదా ఇచ్చింది. అందులో చెప్పిన నక్షత్రాల గుర్తులు చాలవని, సూటిగా హెచ్చరిక ఉండాలని ఆరోగ్య సంఘాలు పట్టుబట్టాయి. నా మాటా అదే.

వివరాలు పాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి. వంద గ్రాములకు 30 అని ఉంటే, 30 గ్రాముల గిన్నెలో 9 గ్రాముల చక్కెర, అంటే రెండు చెంచాలకు పైమాటే. పెద్దవాళ్లకే రోజుకు 25 గ్రాముల లోపు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పాలలో ఇంట్లో వేసే చెంచా చక్కెర ఈ లెక్కలో లేదు.