వంకాయకు ప్రాణం లేదా? ఓ పాత ఎదురుప్రశ్న

ఆఫీసులో లంచ్ డబ్బాలు తెరిచేటప్పుడు ఈ మాట ఎప్పుడో ఒకసారి వినే ఉంటారు. ఒకరు "మేం నీచు ముట్టమండీ" అంటారు. నీచు అన్న ఆ మాట కోడికూర తెచ్చుకున్నవాళ్ల చెవికి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? "మరి వంకాయకు ప్రాణం లేదా?" అని అవతలివాళ్లు అందుకుంటారు. అందరూ నవ్వేస్తారు. వాదన అక్కడితో సరి.

రెండు వేల ఏళ్ల కిందటివాళ్లు ఈ ప్రశ్నకు నవ్వలేదు. మొక్క ఏకేంద్రియ జీవి అని, దానికి స్పర్శ ఒక్కటే తెలుస్తుందని జైనులు చెప్పారు. చెప్పి ఊరుకోకుండా తిండి మార్చుకున్నారు. దుంప పెరికితే మొక్క మొత్తం పోతుంది, పైగా ఒక్కో దుంపలో లెక్కలేనన్ని జీవాలుంటాయని ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి వదిలేశారు. ఎన్నో శతాబ్దాల తర్వాత ఓడలెక్కి వచ్చిన ఆలుగడ్డనూ అదే జాబితాలో వేశారు.

బౌద్ధుల పద్ధతి ఇంకో రకం. తన కోసమే చంపినట్టు చూడకపోతే, వినకపోతే, అనుమానం కూడా లేకపోతే భిక్షాపాత్రలో పడ్డ మాంసం భిక్షువు తినొచ్చు. పచ్చని మొక్కను మాత్రం తుంచకూడదు. భిక్షువులు వానల్లో తిరుగుతూ గడ్డినీ పురుగునూ తొక్కేస్తున్నారని జనం గొణిగితే, వానాకాలం మూడు నెలలూ ఒకేచోట ఉండాలన్న నియమం వచ్చిందని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం చెబుతుంది. గింజలున్న పండు ఇచ్చేటప్పుడు జరిగే చిన్న తంతు బౌద్ధంలో పాత శాఖ అయిన థేరవాదం వాళ్ల ఆరామాల్లో కొన్నింట ఇప్పటికీ ఉంది. "దీన్ని తినదగ్గట్టు చెయ్యి" అని భిక్షువు అడుగుతాడు. ఇచ్చిన మనిషి చాకుతోనో గోటితోనో పండు మీద గాటు పెట్టి "చేశాను స్వామీ" అంటాడు. ఆ తర్వాతే తినడం. మొలకెత్తే గింజను చంపిన దోషం భిక్షువుకు అంటకూడదని ఈ ఏర్పాటు. నాకైతే దోషాన్ని పక్కవాడి ఖాతాలో వేసినట్టే ఉంటుంది. కానీ ఒక పండు ముందు ఆ కాసేపైనా ఆగారు కదా.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అతని మొదటి శిలాశాసనంలో వంటింటి సంగతి ఉంది. ఒకప్పుడు రాజు వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారట. ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక. జింక కూడా రోజూ కాదు. మున్ముందు ఈ మూడూ ఉండవు. ఒక్కసారిగా మానేశానని గొప్పలు పోకుండా, ఇంకా మిగిలినవాటిని లెక్కపెట్టి రాతిలో చెక్కించడం నాకు నచ్చుతుంది.

వంకాయ ప్రశ్నకు అసలైన తాతగారు మాత్రం మహాభారతంలో కనిపిస్తాడు. మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి కౌశికుడనే బ్రాహ్మణుడు వస్తాడు. నాగలి కిందపడి ఎన్ని ప్రాణులు చావడంలేదు, వడ్లగింజలోనూ జీవం లేదా అని వ్యాధుడు అతన్ని అడుగుతాడు. విచిత్రమేమిటంటే, ఇంత వాదించినవాడు తాను చంపడు, మాంసం తినడు.

1901లో జగదీశ్ చంద్ర బోస్ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మొక్కల విద్యుత్ స్పందనలను చూపించాక మొక్కకూ ప్రాణముందన్న ఈ మాటకు సైన్సు బలం దొరికినట్టయింది. కానీ స్పందించడం వేరు, నొప్పి తెలియడం వేరు. మొక్కకు నాడులూ మెదడూ లేవు. పోనీ నొప్పి ఉందనే అనుకుందాం. ఫారం కోడి కిలో బరువు పెరగాలంటే సుమారు కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా తినాలి. అందులో ఎక్కువ భాగం మొక్కజొన్న, సోయా. అంటే మొక్కల చావు కూడా కోడికూర డబ్బాలోనే ఎక్కువ.

ఈ లెక్క లంచ్‌లో చెప్పి చూడండి, ఎవరూ వినరు. అక్కడ గొడవ వంకాయ గురించి కాదు మరి. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతానికి పైగా మాంసాహారులే. అయినా హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు అడిగితే చాలాచోట్ల పేరు కంటే ముందు వచ్చే ప్రశ్న: "మీరు వెజ్జేనా?"