గుండీ ఒకటే, కుట్టు వేరు

"బర్డ్ ఫ్లూ పక్షుల నుంచి మనిషికి వస్తుంది సరే, మరి ఆ మనిషి నుంచి పక్కవాళ్లకి ఎందుకు అంటుకోదు?" అని ఒక పాఠకుడు అడిగారు. మన పాఠాల్లో పక్షి బొమ్మ ఒకటి, మనిషి బొమ్మ ఒకటి వేసి మధ్యలో బాణం గీసేసి చేతులు దులుపుకుంటారు. అసలు కథంతా ఆ బాణంలోనే ఉంది.

వైరస్ అంటే ఏమిటో చెప్పను, కరోనా పుణ్యమా అని అందరికీ తెలుసు.

మన కణాల మీద చక్కెర గొలుసులు వెంట్రుకల్లా పొడుచుకొని ఉంటాయి. చాలావాటి కొసన సియాలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని గుండీ అనుకోండి. ఫ్లూ వైరస్ ఒంటి నిండా హిమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ కాజాలు (హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ రకం పేరులో హెచ్ అంటే ఇదే). ఒక్క గుండీ పట్టు చాలా బలహీనం, ఒకేసారి బోలెడు పడితేనే వైరస్ కణానికి అతుక్కుంటుంది. ఒకే గుండీ పెట్టుకున్న చొక్కాతో పరుగెత్తి చూడండి, తెలుస్తుంది.

గుండీ బాతుకైనా మనకైనా ఒకటే. తేడా కుట్టులో ఉంది. సియాలిక్ ఆమ్లం తన 2వ కార్బన్‌తో కింద ఉన్న గాలక్టోజ్ అనే చక్కెరను పట్టుకుంటుంది. గాలక్టోజ్ 3వ కార్బన్ దగ్గర పట్టుకుంటే గుండీ ఒక తీరున నిలబడుతుంది, 6వ కార్బన్ దగ్గరైతే వదులుగా పక్కకి వాలుతుంది. అడవి బాతుల పేగుల్లో 3 కుట్టు ఎక్కువ. (బాతు ఫ్లూ ముక్కు కారే వ్యవహారం కాదు, పేగుల వ్యవహారం. వైరస్ రెట్టతో నీళ్లలో కలుస్తుంది, బాతు మాత్రం చాలాసార్లు హాయిగా ఈదుతూనే ఉంటుంది.) మన ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లో ఎక్కువగా 6 కుట్టు. బాతు కాజాకి అది సరిగా పట్టదు. పక్షులు రాలితే శాపాలతో ముడిపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ముడి ఉన్నమాట నిజమే, కానీ అది కార్బన్ దగ్గర ఉంది.

మరి 1997లో హాంకాంగ్‌లో 18 మందికి హెచ్5ఎన్1 సోకి ఆరుగురు ఎలా చనిపోయారు? ఎందుకంటే 3 కుట్టు మనలోనూ ఉంది, కాకపోతే ఊపిరితిత్తుల అట్టడుగున, వాయుగోణులనే చిన్న గాలి తిత్తుల్లో. వైరస్‌ను అంత లోతుకి పీల్చుకుంటే న్యుమోనియా ముంచుకొస్తుంది. కానీ దగ్గుతో, తుమ్ముతో పక్కవాళ్ల మీద పడాలంటే అది పై దారుల్లో బాగా పెరగాలి, అక్కడేమో గుండీలు పట్టవు. పాఠకుడి ప్రశ్నకి చాలావరకు జవాబు ఇదే.

ఇంకో చోట కూడా 3 కుట్టు ఉంది, అది కంటి పొర! 2003లో నెదర్లాండ్స్‌లో 89 మందికి హెచ్7ఎన్7 అనే మరో రకం బర్డ్ ఫ్లూ సోకితే ఎక్కువమందికి వచ్చింది కళ్లకలక. చనిపోయింది ఒక్కరే, ఒక పశువైద్యుడు, ఆయనకి న్యుమోనియా. 2024లో అమెరికాలో పాడి ఆవుల నుంచి హెచ్5ఎన్1 అంటుకున్న పనివాళ్లలోనూ చాలామందికి కళ్లే ఎర్రబడ్డాయి. పాలు పితికేటప్పుడు తుంపర కంట్లో పడటానికి ఎంతసేపు?

కానీ కాజా మారితే కథ మారుతుంది. 1957లో, 1968లో ప్రపంచాన్ని చుట్టేసిన ఫ్లూల హెచ్ పక్షుల నుంచి వచ్చిందే. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరసగా కూర్చిన గొలుసు; వాటి కాజాలో 226వ స్థానంలో గ్లుటమిన్ పోయి ల్యూసిన్, 228లో గ్లైసిన్ పోయి సెరీన్ వచ్చాయి. సుమారు 560 అమైనో ఆమ్లాల్లో మారినవి ఆ రెండే కాదు గానీ, 6 కుట్టు గుండీ పట్టడానికి ముఖ్యంగా పనికొచ్చినవి మాత్రం ఆ రెండే.